ఎల్‌ఈడీ కింద కోడిపిల్లలు ఎందుకు వణికాయి?

ప్రశ్న (పొదలకూరు దగ్గరి పల్లె నుంచి)

మా అత్తమ్మ ఏటా కార్తీకంలో నాటుకోడి గుడ్లు పొదిగిస్తారు. ఈసారి తల్లికోడిని కుక్క పట్టుకుపోయింది. బయట ముసురు. పద్నాలుగు పిల్లలను అట్టపెట్టెలో ఊక పరిచి ఉంచి, పైన 60 వాట్ల గుండుబల్బు వేలాడదీశారు. రాత్రింబవళ్లు వెలుగుతుంటే కరెంటు దండగ అనిపించి, నేను దాన్ని తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టాను. డబ్బా మీద 60 వాట్ల బల్బుకు సమానమని రాసి ఉంది. వెలుతురు నిజంగానే తగ్గలేదు. తెల్లవారి చూస్తే పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అడుగున పడినది చచ్చిపోయింది. అత్తమ్మ ఒక్క మాట అనలేదు, పాత బల్బు తెచ్చి బిగించారు. తిట్టినా బాగుండేది. వెలుతురు అంతే ఉన్నప్పుడు వేడి ఎక్కడికి పోయింది?

జవాబు (కావలి, భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని)

అమ్మా, వేడి ఎక్కడికీ పోలేదు, పుట్టనే లేదు. డబ్బా మీది ‘సమానం’ వెలుతురు లెక్క, దాన్ని ల్యూమెన్లలో కొలుస్తారు. వాట్లు సెకనుకు తాగే కరెంటు లెక్క. గుండుబల్బులో టంగ్‌స్టన్ తీగ 2,400 డిగ్రీల దాకా కాగితే గానీ ఆ పసుపు వెలుగు రాదు. అంత కాగినా వెలుతురయ్యేది నూటికి పది పాళ్లు కూడా ఉండదు. మిగతాదంతా వేడే, ఎక్కువగా పరారుణ కిరణాలు. అవి కంటికి ఆనవు, ఒంటికి తగులుతాయి. మీ పిల్లలకు కావలసింది అవే.

ఎల్‌ఈడీలో కాగే తీగ లేదు. చిన్న అర్ధవాహకపు (సెమీకండక్టర్) ముక్క నీలికాంతినిస్తుంది, దాని మీది పసుపు పూత అందులో కొంత భాగాన్ని మార్చి తెలుపు చేస్తుంది. అదీ వేడెక్కుతుంది, కానీ ఆ వేడి వెనక డొప్పలోంచి పైకి పోతుంది. వాటు అంటే సెకనుకు ఒక జౌలు శక్తి, కాబట్టి పెట్టెకు సెకనుకు 60 జౌల్స్ అందేచోట 9 కూడా పూర్తిగా దక్కలేదు. ఆ లోటు ఎల్‌ఈడీలతోనే పూడ్చాలంటే ఏడు పెట్టాలి. అప్పుడు పిల్లలకు నిద్ర ఉండదు!

జవాబు (టంగుటూరు, వైరింగ్ పని)

అక్కా, 60 వాట్ల బల్బు రోజంతా వెలిగితే 1.44 యూనిట్లు, ఎల్‌ఈడీకి 0.22. మూడు వారాలకు తేడా పాతిక యూనిట్లు. పిల్లలు బతకడానికి ఆ ఖర్చు తప్పదు, పొదుపు హాల్లో చూసుకోండి. ఒక్క సంగతి: వోల్టేజి 230 నుంచి 180కి పడితే గుండుబల్బు వేడి మూడో వంతు తగ్గుతుంది. వెలుగు ఎర్రబడితే బల్బును కాస్త కిందికి దించండి. ప్లాస్టిక్ హోల్డరు వేడికి పాడవుతుంది, పింగాణీది వాడండి. ఊకకు మాత్రం మరీ దగ్గరగా తేవద్దు, అంటుకుంటుంది.

జవాబు (కావలి)

మొదటి వారం ఊక దగ్గర 35 డిగ్రీల వరకు ఉండాలి. తరువాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించండి.

ప్రశ్న అడిగినామె

థర్మామీటరు కొందామంటే అత్తమ్మ నవ్వారు. పిల్లలు బల్బు కింద ముద్దగా చేరితే తాడు దించుతారట, పెట్టె గోడలకు అతుక్కుంటే పైకి లాగుతారట. తాడుకు నాలుగు ముడులు వేసి ఉన్నాయి, ఇన్నాళ్లూ నేను గమనించనే లేదు. ఈ రోజు రెండో ముడి దగ్గర ఉంది. ఎల్‌ఈడీని వంటింట్లో పెట్టాను.