నెలనెలా మందుల ఖర్చు థాయ్‌లాండ్‌లో ఎలా భరిస్తున్నారు?

నమస్కారం. మాది అనంతపురం జిల్లా. 2007లో ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో మాదీ ఒకటి. ఆ కార్డుతోనే మా నాన్నకు గుండె ఆపరేషన్ జరిగింది, ఆ మేలు మరవలేను. కానీ ఇప్పుడు ఆయన షుగర్, బీపీ మాత్రలకే ప్రతి నెలా టెన్షన్.

కాలేజీలో దీని మీదే సెమినార్ ఇవ్వాలి. థాయ్‌లాండ్ 2002లో తెచ్చిన 30 బాట్ల పథకంలో (ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ 30 బాట్లు, అంటే అక్కడి డబ్బు, కడితే చాలన్న పథకం) ఓపీ, మందులు కూడా ఉన్నాయి. బ్రెజిల్ అయితే 1988 రాజ్యాంగంలోనే వైద్యాన్ని హక్కుగా రాసుకుంది. అవేమీ మరీ ధనిక దేశాలు కావు కదా! థాయ్‌లాండ్‌లో ఒక్కో మనిషికి ఇంత అని ముందే లెక్కకట్టి ఆస్పత్రులకు డబ్బు ఇస్తారట. ఆ లెక్క ఎలా వేస్తారు? మన జిల్లా ఆస్పత్రుల్లో అది కుదురుతుందా? ఆరోగ్య శాఖలో పనిచేసినవాళ్లు, ఎకనామిక్స్ చదివినవాళ్లు ఎవరైనా కొంచెం వివరంగా చెప్పండి.