ఎనిమిదో తరగతి పిల్లాడికి నాటకం, కథ చెప్పడం నేర్పించాలి – క్లాసు ఎలా ఎంచుకోవాలి?

బెజవాడ అమ్మ:
మేముండేది సత్యనారాయణపురం. మావాడు ఇంట్లో దెయ్యం కథలు చెప్పి చెల్లెల్ని రాత్రంతా నిద్రపోనివ్వడు. బడిలో లేచి మాట్లాడమంటే మాత్రం నోరు పెగలదు. కథల క్లాసులని వెళ్తే అన్నీ చిన్నపిల్లలవే, కోతీ మొసలీ బొమ్మలు పట్టుకుని. గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. ఇంకోచోట డైలాగుల కాగితం చేతికిచ్చి బట్టీ పట్టమన్నారు. పన్నెండు దాటిన పిల్లలకి ఏది మంచి క్లాసో ఎలా తెలుస్తుంది?

పటమట నాన్న:
వచ్చే ఏడాది తొమ్మిది, ఆపైన పది. ఇప్పుడు నాటకాలేంటండీ? అంతగా కావాలంటే వేసవి సెలవుల్లో చూసుకోండి.

గుంటూరు మాస్టారు:
పదో తరగతి సంగతి ఆవిడ అడగలేదు బాబూ. నేను బడిపిల్లలతో నాటికలు వేయిస్తుంటాను, రిటైరైనా ఆ పిచ్చి వదల్లేదు.

అమ్మా, మొదటిరోజే పిల్లాణ్ని ఒంటరిగా నిలబెట్టి "ఏదీ, ఓ కథ చెప్పు" అనేవాళ్ల దగ్గర చేర్పించకండి. గొంతు మారే వయసు, పక్కవాడు నవ్వుతాడేమోనని ఒకటే టెన్షన్. ఇద్దరిద్దరితో మొదలుపెట్టాలి. నేనైతే సిటీ బస్సులో చిల్లర తగాదా పెట్టిస్తాను. ఒకడు కండక్టరు, ఒకడు ప్రయాణికుడు. బాగా వేడెక్కాక పాత్రలు మార్పిస్తా. ఇందాక తిట్టినవాడే ఇప్పుడు తిట్లు తింటాడు. ఎవరి న్యాయం వాళ్లకి ఎలా ఉంటుందో నేను విడిగా పాఠం చెప్పక్కర్లేదు.

సిగ్గరి పిల్లలకి బుర్రకథని మించింది లేదంటాను. (బుర్రకథ చెప్పిన పద్మశ్రీ షేక్ నాజర్ గారిది మా జిల్లా పొన్నెకల్లు. ఆ గర్వం మాకు కాస్త ఎక్కువే.) కథకుడితో పాటు వంత పాడేందుకు ఇద్దరు వంతలుంటారు కదా, మీవాణ్ని ముందు హాస్యపు వంతగా నిలబెడితే చాలు. "తందాన తాన" అంటూ మధ్యమధ్యలో కథకుడికి కొంటె ప్రశ్నలు వేయాలి. ప్రశ్న వేయాలంటే కథ చెవిన పడాలి, అందుకని దిక్కులు చూడడు. జనం చూపంతా కథకుడి మీదే ఉంటుంది కనక బెరుకూ తగ్గుతుంది. కొన్నాళ్లకి వాడే కథకుడి తంబురా అడుగుతాడు.

గొంతు సంగతి. మన వాక్యంలో అసలు విషయం చివర్న క్రియలో ఉంటుంది, పిల్లలు ఊపిరి చాలక సరిగ్గా దాన్నే మింగేస్తారు. "దొంగ గోడ దూకి..." ఆపైన గొణుగుడు. పారిపోయాడా, దొరికిపోయాడా? ఆ చివరి మాట మైకు లేకుండా ఆఖరి బెంచీ దాకా వినబడేలా పలికిస్తున్నారంటే కళ్లు మూసుకుని చేర్పించండి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాటికలు ఉన్నప్పుడు తీసుకెళ్లి చూపించండి కూడా.

బెజవాడ అమ్మ:
చాలా థాంక్స్ మాస్టారూ. రేపు ఒకచోట డెమో క్లాసుంది. తల్లిదండ్రులు లోపల కూర్చోకూడదట. నాకది నచ్చలేదు.

గుంటూరు మాస్టారు:
మీరు ఎదురుగా ఉంటే వాడు మీ మొహం చూసే మాట్లాడతాడమ్మా, అందులో తప్పు పట్టకండి. కానీ తలుపు తీసి ఉంచాలి, గదిలో పెద్దవాళ్లు ఇద్దరైనా ఉండాలి. అది మాత్రం గట్టిగా అడగండి. ప్రదర్శన రోజు డ్రెస్సులకీ మేకప్‌కీ ఎంత అడుగుతారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. చాలాచోట్ల గొడవలొచ్చేది అక్కడే.