మహిళా కమిషన్ ఏడాది ప్రణాళిక: మన గోదావరి డెల్టాకి సదస్సులు కావాలా, విచారణలు కావాలా?

రాజోలు_ఆడపడుచు:
ఏప్రిల్‌తో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి రాష్ట్ర మహిళా కమిషన్ ఏడాది ప్రణాళికలో మనవైపు ఏం పెట్టమని అడగాలో తేల్చుకుని ఉత్తరం రాద్దామని ఇది మొదలుపెడుతున్నాను. ఫ్లెక్సీ కట్టి, దీపం వెలిగించి, శాలువాలు కప్పి పంపించే అవగాహన సదస్సులు సగానికి తగ్గించి, ఆ డబ్బుతో బహిరంగ విచారణలు పెట్టాలని నా ఉద్దేశం. జాతీయ కమిషన్ జన సున్వాయీ పేరుతో జిల్లాల్లో పెడుతున్నది ఇలాంటిదే. రాజోలులో ఒకటి, నరసాపురంలో ఒకటి, ముమ్మిడివరంలో ఒకటి. జిల్లా కేంద్రంలో మాత్రం వద్దు. అంతర్వేది నుంచి ఆడమనిషి అమలాపురం వెళ్లిరావాలంటే ఆ రోజు కూలి పోతుంది, పైగా ఎక్కడికెళ్లావని ఇంట్లో అడుగుతారు. జులై, ఆగస్టుల్లో వరదలు, 2022లో లంకల్లో జనం ఎలా ఉన్నారో చూశాం కదా. సార్వా నాట్లకీ దాళ్వా నాట్లకీ అడ్డం రాకుండా తేదీలు ముందే ప్రకటించాలి.

ప్లీడరుగారి_గుమాస్తా:
విచారణ పెట్టి ఏం చేస్తారండి? కమిషన్ ఎవరికీ శిక్ష వెయ్యలేదు, సిఫారసు చేస్తుంది, అంతే. ప్రణాళిక అంటే తేదీలూ ఊళ్లూ కాదు, లక్ష్యం ఉండాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, అందులో ఎన్ని పరిష్కారమయ్యాయి, ఎన్ని మిగిలాయి. అది లేకుండా ఊరూరా టెంట్లు వేస్తే సదస్సుకీ దానికీ తేడా ఏముంది?

భీమవరం_బుల్లోడు:
ఆయ్, విచారణకైతే భోజనాలుండవా మరి?

రాజోలు_ఆడపడుచు:
గుమాస్తా గారూ, శిక్ష వెయ్యమని నేను అడగలేదు. ఫిర్యాదు మీద విచారణ జరిపేటప్పుడు కమిషన్‌కి సివిల్ కోర్టుకున్న అధికారాలు కొన్ని ఉంటాయి. సమను పంపి పిలిపించవచ్చు, కాగితాలు తెప్పించవచ్చు, ప్రమాణం చేయించి అడగవచ్చు. ఎస్సైని కూర్చోబెట్టి, ఈవిడ మూడుసార్లు స్టేషన్‌కి వస్తే ఎఫ్ఐఆర్ ఎందుకు కట్టలేదని నలుగురి ముందు అడగడం చిన్న విషయమా? మీరు ఆఫీసు గోడ మీద పట్టిక గురించి మాట్లాడుతున్నారు.

కువైట్_నుంచి_వచ్చినోణ్ని:
నాది ఒక్క పాయింటు. మా వదినని ఏజెంటు విజిట్ వీసా మీద దుబాయ్ పంపి అక్కణ్నుంచి మస్కట్ తోలేశాడు. పాస్‌పోర్ట్ సేటు దగ్గర, ఫోన్ కూడా సేటు దగ్గరే. ముప్పై ఏళ్లు నిండని ఆడమనిషిని ఇంటిపనికి గల్ఫ్ పంపకూడదని రూలుంది, ఆ వయసు దాటినవాళ్లు కూడా ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మా మండలంలో ఈ సంగతి తెలిసినోళ్లు ఎంతమంది? కమిషన్ ప్రణాళికలో గల్ఫ్ అనే మాట ఎప్పుడైనా ఉందా?

ప్లీడరుగారి_గుమాస్తా:
అది కేంద్రం సంగతి. 1983 నాటి వలసల చట్టం కింద వస్తుంది. రాష్ట్ర కమిషన్ చేతిలో ఏమీ లేదు.

కువైట్_నుంచి_వచ్చినోణ్ని:
ఏజెంటు కేంద్రంలో లేడండి, మా వీధి చివర ఉన్నాడు. సొంత ఇల్లు, రెండు అంతస్తులు.

లేసుసూది:
😀 బాగా చెప్పారు

చించినాడ_వంతెన:
రొయ్యల ప్లాంట్ల సంగతి కూడా రాయండి. పది మంది, అంతకు పైన పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి లోపలి కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. చిన్న షెడ్లలో పనిచేసేవాళ్లకైతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు. రాత్రి షిఫ్టులో రొయ్యల తలలు తీసే అమ్మాయిల్ని అడిగితే సూపర్‌వైజర్ పేరు చెబుతారు గానీ కమిటీలో ఎవరున్నారో చెప్పలేరు. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి ప్లాంటు గేటు దగ్గర రాయించడం ఒక్కటే ఈ ఏడాది పని అనుకున్నా చాలు.

ప్లీడరుగారి_గుమాస్తా:
ఒకరు గల్ఫ్, ఒకరు రొయ్యలు. ఇలా అన్నీ రాస్తే ప్రణాళిక అవ్వదు, సంతలో చీటీ అవుతుంది. చెల్లెమ్మా, నేను ముప్పై ఏళ్ల నుంచి కోర్టు వరండాలో ఉన్నాను. వచ్చే కేసుల్లో ఎక్కువ మొగుడూపెళ్లాల గొడవలే. వాటిలో వందకి తొంభై రాజీ చేయించాలని లక్ష్యం పెట్టమనండి. అది కనబడే పని.

రాజోలు_ఆడపడుచు:
చెల్లెమ్మ అనకండి. ఆ తొంభైలో మా అక్క ఉంది. ఒక కౌన్సెలింగ్ సెంటర్లో మూడు సిట్టింగులు పెట్టారు. సర్దుకోమ్మా, పిల్లల మొహం చూడు అన్నారు, సంతకాలు చేయించుకుని ఆటో ఎక్కించారు. ఫైలు మీద పరిష్కారమైంది అని రాశారు. పదకొండో రోజున చెయ్యి విరిగింది. మళ్లీ వెళ్తే ఈ కేసు క్లోజ్ అయింది, కొత్తగా అర్జీ పెట్టుకోమన్నారు. గృహహింస చట్టం కింద వేసిన పిటిషన్‌ని మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. ఆ దారి ఉందని అక్కడ ఒక్కరూ చెప్పలేదు, ఎందుకంటే కోర్టుకి పంపితే వాళ్ల లెక్కలో పరిష్కారం ఒకటి తగ్గుతుంది. మీరడిగే లక్ష్యం ఇదేనండి.

భీమవరం_బుల్లోడు:
అమ్మో. నేను జోకులు ఆపేస్తున్నా.

ప్లీడరుగారి_గుమాస్తా:
మీ అక్కగారికి జరిగింది తప్పే, కాదనను. నా సంగతీ వినండి మరి. మా చెల్లెలి గొడవ ఊరి పెద్దలు రామాలయం అరుగు మీద పెట్టారు. రెండు వందల మంది. రాత్రి ఎక్కడ పడుకుంటున్నావని అడిగారండి, మా నాన్న ముందే. ఆ తర్వాత అది అత్తారింటికీ వెళ్లలేదు, మా ఊళ్లోనూ ఉండలేదు, హైదరాబాద్‌లో ఉంది, పండక్కి కూడా రాదు. మీరు బహిరంగం, బహిరంగం అంటుంటే నాకు ఆ అరుగే గుర్తొస్తోంది. మైకులో అడిగాక ఏ ఆడపిల్లకి న్యాయం జరిగింది? అందుకే రాజీ అంటున్నాను, పట్టిక మీద మోజుతో కాదు.

రాజోలు_ఆడపడుచు:
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పొచ్చు కదండీ. ఇంతసేపూ లక్ష్యాలు, పట్టికలు అన్నారు.

లేసుసూది:
మీ ఇద్దరూ కాపురాల దగ్గరే తిరుగుతున్నారు. నాకు మొగుడితో గొడవ లేదు, నా గొడవ కూలితో. నరసాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. సంతోషం. నాకు ముక్క రేటు మారలేదు, దారం ఇచ్చే కమిషన్ ఏజెంటూ మారలేదు, ఆయన ఎంత రాసుకుంటే అంతే. ఇంట్లో కూర్చుని అల్లేదాన్ని కాబట్టి నన్ను కూలీగా ఎవరూ లెక్కెయ్యరు. ఈ విషయం రెండు వందల మందిలో మైకులో అడగడానికి నాకు సిగ్గు లేదు. ఏజెంటుకే ఉండాలి.

చించినాడ_వంతెన:
👏👏

రాజోలు_ఆడపడుచు:
సరే, ఉత్తరంలో ఇలా రాస్తున్నాను. కాపురాల ఫిర్యాదులు తలుపు వేసిన గదిలో వినాలి, లీగల్ సర్వీసెస్ లాయరు పక్కనుండాలి (ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితమే). గల్ఫ్ ఏజెంట్లు, ప్లాంట్లు, లేసు కూలి, ఎఫ్ఐఆర్ కట్టని స్టేషన్లు ఇవన్నీ బయట, అందరి ముందు. పరిష్కారమైనవి అని ఒకే గడి ఉండకూడదు. కోర్టుకి పంపినవి ఎన్ని, ఇంటికి పంపినవి ఎన్ని, ఇంటికి పంపినవాళ్లకి ఆరు నెలల తర్వాత ఫోన్ చేస్తే ఏం చెప్పారు, మళ్లీ ఫిర్యాదు చేసినవాళ్లు ఎందరు, ఇవి విడివిడిగా వార్షిక నివేదికలో రావాలి.

కువైట్_నుంచి_వచ్చినోణ్ని:
ఆరు నెలల ఫోన్ మొగుడి నంబరుకి చేస్తారు, చూస్కోండి. ఆవిడ పుట్టింటి నంబరు కూడా తీసుకోమని రాయండి.

రాజోలు_ఆడపడుచు:
రాశాను. గుమాస్తా గారూ, సంతకం పెడతారా?

ప్లీడరుగారి_గుమాస్తా:
పెట్టను. ఇంటికి పంపినవి అని విడిగా లెక్క రాయమంటే, రేపటి నుంచి ఒక్క ఆఫీసరూ రాజీ మాటెత్తడు, కలిసి బతకాలనుకునే వాళ్లని కూడా కోర్టుకే తోలేస్తారు. అది మీకు అర్థం కావట్లేదు. గది మాట మాత్రం గట్టిగా రాయండి. విచారణ మే నెలలో అడగండి, కోర్టుకి వేసవి సెలవులు, నాట్లూ ఉండవు. రాజోలు కోర్టు దగ్గర ఫ్యాన్లున్న హాలు ఎవరిని అడగాలో నాకు తెలుసు, నేను మాట్లాడతాను.