అమ్మ జుంకాలు పెట్టుకుని పరిగెడుతోంది మా చెల్లి, ఏం చెయ్యాలి?

రాయగడ అక్క:
మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. చెల్లి ప్లస్ టూ, 200 మీటర్లు పరిగెడుతుంది. చెమటకి చిరాకని పోయినేడు జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, గొంతు కొంచెం బొంగురు, భుజాలు అచ్చం మా నాన్నవి. మొన్న పోటీల్లో మొదటొచ్చేసరికి, రెండో అమ్మాయి వాళ్ల నాన్న అందరి ముందు "పుఅ నా ఝిఅ?" అన్నాడట, అంటే మగా ఆడా అని. పరీక్ష చేయించమని కోచ్ మీదికెళ్లాడు. కోచ్ నోరెత్తలేదు. ఇంతకుముందు హాస్టల్లో తెలుగువాళ్లమని 'తెలెంగా' అని వెక్కిరించేవారు, దానికి అలవాటు పడిపోయాం, ఇప్పుడిది. అప్పట్నుంచి అమ్మ జుంకాలు పెట్టుకుని ప్రాక్టీస్‌కి వెళ్తోంది. పరిగెత్తేటప్పుడు అవి దవడకి కొట్టుకుని చెవి కింద కమిలింది. నాయనమ్మేమో ఆ గుంటకి పరుగులెందుకు, పెళ్లి చేసేయండి అంటోంది. ఆ పరీక్షేదో చేయించి కాగితం వాళ్ల మొహాన కొట్టమంటారా?

బరంపురం బాబు:
వద్దు తల్లీ. ఒకడు అడిగాడని చేయిస్తే రేపు ఇంకొకడు అడుగుతాడు. మన ఒడిశా పిల్లే ద్యుతీ చంద్, జాజ్‌పూర్ జిల్లాలో చేనేత ఇంట్లో పుట్టింది. ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ఎక్కువుందని 2014లో కామన్వెల్త్ క్రీడలకి పంపలేదు. మందులు మింగి తగ్గించుకోనని స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లింది, 2015లో ఆ రూల్‌ని ఆపించింది. 2016లో రియో ఒలింపిక్స్‌లో పరిగెత్తింది, 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో రెండు వెండి పతకాలు తెచ్చింది. ఆ మరుసటేడు తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని బయటికి చెబితే ముందు అడ్డం తిరిగింది సొంతింటివాళ్లే.

ఆటల పిచ్చోడు:
ఆవిణ్ణి మరీ దేవత చేయకండి, 2023లో డోపింగ్‌కి నాలుగేళ్ల నిషేధం పడింది. ఆడవాళ్ల పోటీకి ఏదో ఒక హద్దు ఉండాలి కదా. 2025 సెప్టెంబర్ నుంచి అథ్లెటిక్స్‌లో ప్రపంచ ర్యాంకింగ్ పోటీలకి ఆడవాళ్లకి జన్యు పరీక్ష పెట్టారు.

పర్లాకిమిడి పిన్ని:
డోపింగ్ వేరు, ఇది వేరు బాబూ, రెండూ కలపకు. హద్దు ఎక్కడ గియ్యాలో సమాఖ్యలు, డాక్టర్లు కొట్టుకుంటున్నారు, ఇంకా తేలలేదు. కానీ ఓడిపోయిన పిల్ల తండ్రికి అడిగే హక్కెక్కడిది? తమిళనాడు శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల వెండి పతకం తెచ్చింది, లింగ పరీక్ష పేరుతో లాగేసుకున్నారు, ఊరంతా తెలిసిపోయింది. ఆ కాగితం చేతికొస్తే ఎవరెవరి చేతుల్లోకి పోతుందో ఆలోచించు అమ్మా. నేను కబడ్డీ ఆడేదాన్ని. 'మగరాయుడు' అంటే పడలేక పదిహేడేళ్లకి మానేశాను, అప్పుడు నా వెనకాల ఎవరూ రాలేదు. ఈసారి గ్రౌండ్‌కి నువ్వెళ్లు. మీ అమ్మని కూడా తీసుకెళ్లు. జరిగిందంతా కోచ్‌కి మాటలతో కాదు, కాగితం మీద రాసివ్వు, నకలు నీ దగ్గర ఉంచుకో. తనకి ఎవరంటే ఇష్టం, ఏమిటీ అని మాత్రం మీరెవరూ కూర్చోబెట్టి అడక్కండి, చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది.

రాయగడ అక్క:
పిన్నీ, నిన్న వెళ్లాం. అమ్మ ఎండలో రెండు గంటలు గోడ పక్కన కూర్చుంది, ఏమీ మాట్లాడలేదు. కోచ్ మాత్రం కాగితం చదివి జేబులో పెట్టుకున్నాడు. చెల్లి జుంకాలు తీసి నా పర్సులో పడేసింది, వచ్చే నెల పోటీకి పిన్నీసులు కొనమంది, నంబరు గుచ్చుకోడానికి.