కిడ్నీ జబ్బుకు ప్రోబయోటిక్ క్యాప్సూల్స్: వాడినవాళ్లు చెప్పండి

నాన్నకోసం: మా నాన్నగారికి కిడ్నీ జబ్బు నాలుగో స్టేజిలో ఉంది, డయాలసిస్ దాకా రాలేదు. పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరిగితే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష అంకె) దిగుతుందని ఎక్కడో ప్రకటన చూశారట, అప్పటి నుంచి ఆ క్యాప్సూల్స్ కావాలని ఒకటే పోరు. ఎవరికైనా పని చేశాయా?

పాతకాపు: అమ్మకు వాడాం. పొట్ట కొంచెం తేలికపడింది, అంతే. క్రియాటినిన్ ఉన్నచోటే ఉంది.

ల్యాబ్‌మనిషి: ప్రకటన సంగతి పక్కన పెడితే, పేగుకీ కిడ్నీకీ లంకె నిజమే. మనం తిన్న ప్రొటీన్‌లోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని పెద్దపేగు బ్యాక్టీరియా ఇండోల్ అనే పదార్థంగా మారుస్తుంది. లివర్ దాన్ని ఇండాక్సిల్ సల్ఫేట్ అనే వ్యర్థంగా చేస్తుంది. కిడ్నీలు బాగుంటే అది మూత్రంలో పోతుంది, లేకపోతే రక్తంలోనే పేరుకుంటుంది. ప్రొటీన్‌లోని మరో అమైనో ఆమ్లం టైరోసిన్ నుంచి వచ్చే పి-క్రెసిల్ సల్ఫేట్‌దీ ఇదే కథ. ఏదో కారణంగా పెద్దపేగు తీసేసిన డయాలసిస్ పేషెంట్లలో ఈ రెండూ చాలా తక్కువగా కనిపించాయి. ఇంతకన్నా రుజువేం కావాలి!

వారానికి మూడుసార్లు: నేను డయాలసిస్ మీద ఉన్నాను. యూరియా బాగానే దిగుతోంది, దురద మాత్రం వదలదు. ఇవి మెషీన్‌లో పోవా?

ల్యాబ్‌మనిషి: సరిగా పోవండీ. ఇవి రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటాయి, ఆల్బుమినేమో ఫిల్టర్ దాటదు. విడిగా తిరిగే కాస్తే బయటికెళ్తుంది. దురదంతా వీటివల్లే అనుకోకండి, ఫాస్ఫరస్ కూడా చూపించుకోండి.

చార్‌కోల్: ఇండోల్ లాంటివాటిని పేగులోనే పీల్చేసే ఏఎస్‌టీ-120 అనే మందు జపాన్‌లో 1991 నుంచి ఉంది. 2015లో వచ్చిన పెద్ద ట్రయల్స్‌లో మాత్రం జబ్బు ముదరడాన్ని ఆపలేకపోయింది. 2016 నాటి ఒక చిన్న ట్రయల్‌లో ప్రోబయోటిక్‌తో పాటు బ్యాక్టీరియాకు మేతగా పీచు కూడా ఇచ్చారు. పి-క్రెసిల్ సల్ఫేట్ తగ్గింది, ఇండాక్సిల్ సల్ఫేట్ పెద్దగా తగ్గలేదు. రక్తంలో అంకె తగ్గితే కిడ్నీ బాగుపడిందని కాదు కదా.

నర్సమ్మ: క్యాప్సూల్ సరే, ముందు ఆయనకు మోషన్ రోజూ అవుతోందా? మలం పేగులో నిలవ ఉన్నకొద్దీ బ్యాక్టీరియాకు పని దొరుకుతుంది. నేను చూసే కిడ్నీ పేషెంట్లలో చాలామందికి ఇదే బాధ: ఐరన్ మాత్రలు, ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు, నీళ్లకు లెక్క, పొటాషియం భయంతో కూరగాయలకు కోత. పీచు ఎంత పెంచొచ్చో డైటీషియన్ పొటాషియం రిపోర్టు చూసి చెప్పాలి. విరేచనాల మందు మాత్రం సొంతంగా కొనకండి. మెగ్నీషియం ఉన్నవి ఒంట్లో పేరుకుంటాయి, ఫాస్ఫేట్ ఎనిమా అయితే కిడ్నీకే ముప్పు.

నాన్నకోసం: ఐరన్ మొదలుపెట్టినప్పటి నుంచే నాన్నకు మోషన్ ఇబ్బంది అక్కా. డాక్టర్‌కు చెప్పనేలేదు, అడిగితే “అదేం చెబుతాంలే” అంటారు. ఈసారి నేనే చెబుతాను.

పాతకాపు: చెప్పు తమ్ముడూ, వాళ్లకు సిగ్గు.

నర్సమ్మ: ఇంకొకటి. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా ప్రోబయోటిక్స్ ముట్టుకోవద్దు. ఇమ్యూనిటీ తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లలో అరుదుగానైనా ఆ బ్యాక్టీరియాయే రక్తంలోకి చేరిన కేసులున్నాయి.