శాసనాలు తమిళంలో ఉంటే తిరుమల తమిళుల గుడి అయినట్టేనా?

పెరంబూర్_రమ:
వేంకటేశ్వరస్వామికి ఇష్టమైన తమిళ నెల పెరటాసి మొదటి శనివారానికి ముందు రోజు మా ఆఫీసులో అందరూ తళిగ, అంటే స్వామికి పెట్టే నైవేద్యం గురించి మాట్లాడుకుంటున్నారు. మాటల మధ్యలో ఒకావిడ, "తిరుమల గోడల మీద శాసనాలన్నీ తమిళమే. కొండ మాది, రాష్ట్రాలు విడిపోయినప్పుడు మీకు వెళ్ళింది" అన్నారు. కోపంతో అనలేదు, నాకు మంచి స్నేహితురాలే. కానీ నాకు జవాబు తోచలేదు. మా తాతగారి కాలం నుంచి మేం ఇక్కడే చెన్నైలో ఉన్నాం. ఇంట్లో తెలుగు, బయట తమిళం. ఏటా అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాం. ఆవిడ అన్నది నిజమేనా? నిజమైతే మనం ఏమనాలి?

టీనగర్_శ్రీధర్:
ఇందులో ఆలోచించడానికి ఏముంది రమగారూ? అన్నమయ్య 32 వేల సంకీర్తనలు పాడింది ఆ స్వామి మీదే కదా. కృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపు ఏడుసార్లు కొండెక్కాడు. 1518లో ఆనంద నిలయానికి బంగారు పూత వేయించాడు. ఇప్పటికీ ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి గుడిలో నిలబడే ఉన్నాడు. తిరుపతి తమిళులకే రావాలని తమిళ నాయకుడు మా.పొ.శివజ్ఞానం గారు ఎంత పోరాడినా 1960లో మద్రాసుకు దక్కింది తిరుత్తణి, తిరుపతి కాదు. అది అప్పుడే తేలిపోయింది. ఆవిడకు అదే చెప్పండి.

అంబత్తూరు_మాస్టారు:
శ్రీధర్ బాబూ, నువ్వు చెప్పినవన్నీ నిజాలే. కానీ రమ అడిగింది శాసనాల గురించి. అన్నీ కాదమ్మా, చాలా మటుకు తమిళమే. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు దేవస్థానం కోసం చూసిన వెయ్యికి పైగా శాసనాల్లో తెలుగు, కన్నడం బాగా తక్కువ. ఈ మాట ఒప్పుకోవడానికి మనం ఇబ్బంది పడక్కర్లేదు.

అసలు చూడాల్సింది వేరే ఉంది. విజయనగర రాజుల కాలంలో చెక్కినవి కూడా ఎక్కువగా తమిళంలోనే ఉన్నాయి. సాళువ నరసింహుడి కాలం వాటిని చూడండి. ఎందుకంటారా? దానం ఇచ్చేది ఎవరైనా, దాన్ని రాసేది గుడి కరణం. ఆ శాసనాల చివర "కోయిల్ కణక్కు తిరునిన్రవూరుడయాన్" రాసినట్టు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. కోయిల్ కణక్కు అంటే గుడి లెక్కలు చూసేవాడు. తిరునిన్రవూరు పేరు మీరు వినే ఉంటారు. మా అంబత్తూరు దాటాక తిరువళ్ళూరు వైపు వచ్చే లోకల్ రైలు స్టేషన్ పేరు అదే. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తూ ఆ బోర్డు కనబడిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. రాజులు మారారు, వంశాలు మారాయి, లెక్క రాసిన చేతికి ఆ పేరు మాత్రం ఉండిపోయింది.

అంటే శాసనం భాషను బట్టి గుడి కచేరీ ఏ భాషలో నడిచిందో తెలుస్తుంది. ఎవరెవరు ముడుపు కట్టుకుని కొండెక్కారో తెలియదు. ఇంకో సంగతి. 1843 నుంచి 1933 దాకా తిరుమలను నడిపింది హథీరాంజీ మఠం మహంతులు, ఉత్తరాది వాళ్ళు. తొంభై ఏళ్ళు! అందుకని అది ఉత్తరాది గుడి అని ఎవరైనా అంటున్నారా?

టీనగర్_శ్రీధర్:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. మనం ఇలా ఒక్కొక్కటీ ఒప్పుకుంటూ పోతే చివరికి మనకంటూ ఏం మిగులుతుంది? మద్రాసు పోయింది, తిరుత్తణి పోయింది. మా అబ్బాయి చదివే స్కూల్లో తెలుగు తీసేశారు. తెలుగు చదవడం రాని పిల్లాడికి ఆ కొండ కూడా మనది కాదని చెప్పమంటారా?

కొళత్తూరు_లలిత:
శ్రీధరన్నా, నీ బాధ నాకు తెలుసు. మా పాప విషయంలోనూ అదే జరిగింది. కానీ స్కూలు మీద ఉన్న బాధను కొండ మీదికి ఎక్కించకు.

మా అత్తగారు తమిళావిడ. మొదటిసారి ఆవిడతో కొండకు వెళ్ళినప్పుడు కులశేఖర పడి దగ్గర ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేను చిన్నప్పటి నుంచీ ఆ గడప పేరు వింటున్నాను గానీ, అక్కడే గడపగా పడి ఉండి నీ ముఖం చూస్తుంటే చాలునని కులశేఖర ఆళ్వారు కోరుకున్నాడని ఆవిడ చెబితేనే తెలిసింది. ధనుర్మాసంలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై చదువుతారు. గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఆండాళ్ మాల వెళ్తుంది, మన చెన్నై నుంచి గొడుగులు వెళ్తాయి. ఇక్కడి పారిస్ కార్నర్ దగ్గర ఆ గొడుగుల వెనక గోవిందా అంటూ నడిచేవాళ్ళలో ఎవరు తెలుగో ఎవరు తమిళమో నువ్వు చెప్పగలవా?

ఆవిడకు తెలియనిది నేను చెప్పాను. రాత్రి ఏకాంత సేవలో తాళ్ళపాక వారి లాలి పాడతారు, తరిగొండ వెంగమాంబ పేర ముత్యాల హారతి ఇస్తారు. స్వామి రోజూ నిద్రపోయేది తెలుగు పాట వింటూనే అన్నాను. ఆవిడ ఆ పాట నేర్పమన్నారు. మీ అబ్బాయికి చెప్పాల్సింది ఇది కదా అన్నా!

అంబత్తూరు_మాస్టారు:
బాగా చెప్పావమ్మా. తమిళ దేశానికి ఉత్తరాన వేంగడం, అంటే మన వేంకటాద్రి, హద్దు అని ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం పాయిరంలో, అంటే ముందుమాటలో ఉంది. ఆవిడ రేపు ఆ మాట కూడా అనవచ్చు రమా. హద్దు అంటే అవతలి వైపు కూడా మనుషులున్నట్టే అని చెప్పు. రాయలు తన కానుకలను తెలుగు, కన్నడ, తమిళాల్లో చెక్కించింది కూడా అన్ని వైపుల వాళ్ళూ చదవాలనే అని నా నమ్మకం.

టీనగర్_శ్రీధర్:
కొండ మనదన్న మాట నేను వదలను మాస్టారూ. కానీ ఆ కరణం సంగతి నాకు ఇంతవరకూ తెలియదు. లలితా, ఆ లాలి పాట మా వాడికి కూడా నేర్పు. ఆదివారాలు తీసుకొస్తాను.

పెరంబూర్_రమ:
ఇదంతా ఈరోజు లంచ్‌లో ఆవిడకు చెప్పాను. తిరునిన్రవూరు పేరు వినగానే ఆవిడ చెంచా కింద పెట్టేశారు. వాళ్ళ అమ్మగారిది ఆ ఊరేనట. మూడో శనివారం దాటాక రెండు కుటుంబాలం కలిసి వెళ్తున్నాం. మాస్టారూ, గుడి గోడల మీద ఆ పాత తమిళ అక్షరాలు ఆవిడకు అర్థమవుతాయా, లేక మిమ్మల్ని కూడా రమ్మని పిలవమంటారా?