మిర్చి సీజన్‌లో నడక ఆగిపోతోంది, ఏం చేయాలి?

మాది గుంటూరు. మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. మామూలు రోజుల్లో పొద్దున్నే బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియంలో 40 నిమిషాలు నడుస్తాను. ఫిబ్రవరి వచ్చిందంటే అంతా తలకిందులే. ఇల్లు చేరేసరికి రాత్రి 10, ఆపైన అన్నం, ఫోన్, నిద్ర పట్టేసరికి ఒంటిగంట. (ఘాటుకి తుమ్ములు సరేసరి, అవి అలవాటైపోయాయి.) మొన్న షుగర్ బార్డర్‌లో ఉందన్నారు, అప్పట్నుంచీ టెన్షన్.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కదా. దాన్ని పదేసి నిమిషాలుగా విడగొట్టి కొట్టు చుట్టుపక్కలే నడిస్తే సరిపోతుందా? క్యారేజీ తెప్పించుకుని 7 గంటలకే తినేస్తే నిద్ర కాస్త కుదురుతుందా? ఇలాంటి సీజన్ పనుల్లో ఉన్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి. జిమ్‌లో చేరమని మాత్రం అనకండి, రెండుసార్లు డబ్బు కట్టి మానేశాను.